చెయ్యి పెడితేనే పలికే కాయిళ్ళు

మార్చి 8, శుక్రవారం

పన్నెండు మెటల్ డిటెక్టర్ కాయిళ్ళలోంచీ నా యాంప్లిఫయర్లు పీకేయమని ఇంజనీరు పెయ్కొవ్ ఆర్డరు వేశాడు. పీకడమట! రెసిన్ పోసి రాయిలా గట్టిపడ్డ కాయిల్‌లోంచి ఏం పీకుతారు? పగలగొట్టడమే. అంటే పన్నెండూ చెత్తలోకి. వాటి బదులు పాతరకం పన్నెండు, యాంప్లిఫయర్ లేనివి, చేసి పంపాలట. రిజిస్టర్లో కారణం కూడా రాశాడు: "యాంప్లిఫయర్ లోపం. చదువు లేని ఉద్యోగి ప్రయోగం."

ఆ కాగితం ఇచ్చిన చేత్తోనే ఎర్ర కార్నేషన్ పువ్వూ ఇచ్చాడు. ఇవాళ మహిళా దినోత్సవం కదా. "సంతోషంగా ఉండమ్మాయ్" అన్నాడు. ఉంటాను. ఎందుకుండనూ! పువ్వు తీసుకెళ్ళి టంకం తుడిచే తడి స్పాంజిలో గుచ్చాను.

కోపంలో అసలు విషయం మర్చిపోతానేమో, రాసుకుంటాను. నేలలో ఉన్న ఇనప ముక్క కాయిల్‌కి చెప్పే మాట దోమ గొంతంత ఉంటుంది. ఆ దోమ మీటరున్నర కేబుల్ వెంట పైన డబ్బా దాకా ఎక్కిరావాలి. దారిలో కరెంటు తీగలూ ఫోన్లూ అన్నీ దానిమీద పడి అరుస్తాయి. డబ్బాలో ఎంత గొప్ప యాంప్లిఫయర్ ఉంటే ఏం లాభం, దోమనీ రొదనీ కలిపే పెద్దది చేస్తుంది. అదే యాంప్లిఫయర్ కింద, కాయిల్ లోపలే, దోమ నోటి దగ్గరే కూర్చుంటే? రొద మొదలవకముందే దోమ ఎద్దులా రంకె వేస్తుంది. ఇంతే నా విద్య. దీనికి కాలేజీ ఎందుకు? పాడైన రేడియోలు విప్పుకుంటూ నేర్చుకున్నాను.

"ఇనుము వెతికే కాయిల్‌లో నువ్వే లోహం పెడతావా? అది తనని తానే పట్టుకుని గోల చేస్తుంది" అని పెయ్కొవ్ జనవరి నుంచీ ఒకటే పాట. చెయ్యదు. ముందు యాంప్లిఫయర్ పెట్టి, తర్వాత సున్నా పడితే, అంటే దగ్గర్లో ఏ ఇనుమూ లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలిచేట్టు చుట్లు సర్దితే, దాని లోహమంతా ఆ సున్నాలో కలిసిపోతుంది. ఫిబ్రవరిలో రెండు చేశాం. రెండూ బంగారం. బోస్నియాలో మందుపాతరలు తీసే వాళ్ళు వాటిని చూసే పన్నెండు నమూనాలు అడిగారు. పాతరలో ఉండే ఇనుము సూది మొనంత. అది వినపడకపోతే కాలు పోయేది వాళ్ళది, పెయ్కొవ్‌ది కాదు.

నిన్న పరీక్షలో పన్నెండులో పదకొండు చచ్చాయి. ఆపకుండా కీచుమని ఒకటే అరుపు. ఐదో నంబరు ఒక్కటే బతికింది. "గుడ్డి అదృష్టం" అన్నాడు.

రెసిన్ మార్చాడు. నాకు తెలుసు. నాసిరకం రెసిన్ తెప్పించి నా యాంప్లిఫయర్లని చంపాడు. యజమాని కల్చేవ్ గారు ఊళ్ళో లేని వారం చూసి మరీ చేశాడు.

మార్చి 9, శనివారం

రెసిన్.

పరీక్ష గది యావొర్ నాలుగుసార్లు ఫోను చేశాడు. తియ్యలేదు. లెక్కపెట్టానని కాదు, ఫోనులో కనబడుతుంది.

మార్చి 10, ఆదివారం

ఏడో నంబరు కాయిల్‌ని సంచీలో ఇంటికి తెచ్చాను. బాల్కనీలో సుత్తి పెట్టి కొట్టాను. కింది వాటా ముసలాయన చీపురు కర్రతో తన పైకప్పు, అంటే నా నేల, పొడిచాడు. నేనూ తిరిగి పొడిచాను.

గంటన్నర గీకితే నా యాంప్లిఫయర్ బయటపడింది. గోరంత బోర్డు, ఎక్కడా పగులు లేదు, కమిలిపోలేదు. కరెంటు ఇస్తే పనిచేస్తోంది. రెసిన్ ముక్కని ఫిబ్రవరి రెసిన్ పక్కన పెట్టి చూశాను. రంగు ఒకటే. గట్టిదనం ఒకటే. వాసన కూడా ఒకటే.

అంటే చాలా తెలివిగా మార్చాడన్నమాట.

మార్చి 11, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టను! నవ్వాగడం లేదు.

పొద్దున్న పరీక్ష గదికి వెళ్ళాను. యావొర్ చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని పాతరకం కాయిళ్ళు చూస్తున్నాడు. రోజంతా బీప్ బీప్ వినే ఉద్యోగం, అందుకే మనుషులతో నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఫోను తియ్యవేం?"

"చార్జి లేదు. పన్నెండో నంబరు తగిలించు."

"అది చచ్చిందిగా. నువ్వే సున్నా పట్టావు దాన్ని. అన్నిటికన్నా ఘోరంగా చచ్చింది."

"తగిలించమన్నానా?"

తగిలించాడు. గది అదిరేట్టు కీచుమంది. పగుళ్ళేమన్నా ఉన్నాయేమో చూద్దామని దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను. ఠక్కున ఊరుకుంది. యావొర్ ముఖం ఎత్తాడు. బల్ల మీద చెంచా ఉంటే దాని మీదికి తీసుకెళ్ళాను. "బీప్" అంది, ముద్దుగా. కింద పెట్టి చేతులు తీశాను. కీచు. చేతులు పెట్టాను. నిశ్శబ్దం.

"నువ్వు పక్కనుంటేనే బతుకుతుంది," అన్నాడు యావొర్. "పెట్టెలో పెట్టి అమ్మేయొచ్చు. ఒక డిటెక్టర్, ఒక కేబుల్, ఒక నెవ్యానా."

"నన్ను ఏ పెట్టెలో పడతాననుకున్నావు?"

"పెద్ద పెట్టె తెప్పిస్తాం. గాలికి కన్నాలు పెడతాం."

కుడి చెయ్యి తీసేశాను. నిశ్శబ్దంగానే ఉంది. ఎడమది తీశాను. కీచు! ఎడమ చెయ్యి, అదీ మణికట్టు కాయిల్ నడుమకి వస్తేనే. కుర్చీ ఎక్కి అరిచాను. ఎందుకు అరిచానో తెలియదు, ఆనందమో పిచ్చో. నా ఎడమ చేతిలో ఏదో శక్తి ఉందని ఒక నిమిషం నిజంగానే నమ్మాను, ఇది ఎవరికీ చెప్పను.

ఆరో నంబరు తీశాం. నా చెయ్యి పెడితే ఇంకా గట్టిగా అరిచింది. శక్తి పోయింది.

"ఆరో నంబరు సున్నా పట్టిందెవరు?" అన్నాడు యావొర్. చీటీ చూశాడు. గిన్కా అత్త.

యావొర్ డబ్బా మెడలో వేసుకున్నాడు, నేను కాయిల్ పట్టుకున్నాను, ఇద్దరం తీగలు చుట్టే హాల్లోకి వెళ్ళాం. అది కీచుమంటూనే ఉంది. ఏడుగురు ఆడవాళ్ళూ తలలెత్తారు.

"ఏమిటే ఊరేగింపు? మేకని కోస్తున్నారా?" అంది గిన్కా అత్త. ముప్ఫై రెండేళ్ళుగా కాయిళ్ళు చుడుతోంది, కళ్ళద్దాలు ముక్కు చివర, నోరు అందరికన్నా ముందు.

"అత్తా, ఎడమ చెయ్యి ఇలా పెట్టు."

"జాతకం చెప్తావా?" అంటూ పెట్టింది. అంతే, నోరు మూసింది కాయిల్. గిన్కా అత్త కూడా మూసింది, ఒక్క క్షణం. తర్వాత అంది: "నా మొగుడు నలభై ఏళ్ళలో ఒక్కసారి ఇలా ఊరుకుని ఉంటే ఎంత బావుండేది!"

ఇక హాలంతా గోల. ఒకటో నంబరు తే, నాలుగు తే, ఎవరి కాయిల్ వాళ్ళ చేతికింద పిల్లిలా పడుకుంటోంది, పక్కవాళ్ళ చెయ్యి తగిలితే గీ పెడుతోంది. పదకొండో నంబరు దగ్గర ఇద్దరు పోట్లాడుకున్నారు నాదంటే నాదని. తయారు చేసినవాళ్ళ చేతులు కాయిళ్ళకి ఎలా తెలుస్తాయి? సున్నా పట్టే ముందు ఉంగరాలూ వాచీలూ గొలుసులూ అన్నీ తీసి పళ్ళెంలో పెడతాం. గోడ మీద ఎర్రక్షరాల బోర్డు ఉంది. గిన్కా అత్త పెళ్ళి ఉంగరం కూడా తీస్తుంది, అదీ ఎంతో ఇష్టంగా.

యావొర్ నా మణికట్టు వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నెవ్యానా," అన్నాడు, "ఆ మువ్వలు ఇత్తడివి."

మార్తెనిత్సా! మార్చి ఒకటిన ఒకరికొకరు ఇచ్చుకుని అందరం చేతికి కట్టుకున్న ఎర్ర తెల్ల నూలు. అది నగ కాదు కదా, పళ్ళెంలో ఎవరు పెడతారు? నూలే కదా! గిన్కా అత్త దానికి తగరపు పిచ్చుక. ఇంకొకామె దానికి రాగి నాణెం, మరొకరికి మెరుపు తీగ కలిపి పేనిన దారం. నాదానికి మూడు మువ్వలు, యావొర్ ఇచ్చినవి. సున్నా పట్టేటప్పుడు చెయ్యి కాయిల్ మధ్యలో పెట్టి, రెండు చుట్లనీ వెంట్రుకవాసి జరుపుతూ, ముల్లు సున్నాకి రాగానే జిగురు ఆరేదాకా అలాగే బిగబట్టి ఉంటాం. మేం పట్టింది కాయిల్ సున్నా కాదు. కాయిలూ పిచ్చుకా కలిసిన సున్నా, కాయిలూ మువ్వలూ కలిసిన సున్నా! ఫిబ్రవరిలో ఇవేవీ చేతులకి లేవు.

"ఐదో నంబరు ఎవరిది?" అని అరిచాను.

"స్టాన్కాది," అంది గిన్కా అత్త. "పిల్లాడికి జ్వరమని సెలవులో ఉంది. వాళ్ళమ్మ పేనిన ఒట్టి నూలు కట్టుకుంది, పిసినారి పిల్ల, పూస కూడా లేదు."

యావొర్‌ని కావలించుకున్నాను. డబ్బా మధ్యలో ఉంది కాబట్టి కావలింత కిందికి రాదు.

మార్చి 12, మంగళవారం

రెసిన్ కాదు.

మూడు రోజులు ఒక మనిషిని నా మనసులో దొంగని చేసి పెట్టాను. దొంగ కాదు. మొండివాడు, అంతే. మొండితనం వేరే లెక్క.

వెళ్ళి చెప్పాను. పెయ్కొవ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నూలు దారం కాయిల్‌ని చంపిందా? అమ్మాయ్, నేను వచ్చిన పదిహేనేళ్ళుగా ప్రతి మార్చిలోనూ కాయిళ్ళు చేస్తున్నాం. ప్రతి మార్చిలోనూ వీళ్ళ చేతులకి ఇవే వేలాడుతున్నాయి. ఒక్కటన్నా చచ్చిందా?"

"అప్పటి కాయిళ్ళు చెవిటివి, ఇంజనీరు గారూ. ఇప్పుడు చెవులొచ్చాయి."

"చెవులొస్తే మంచిమాట వినాలి. నీకొచ్చినట్టు లేవు."

"చేసి చూపిస్తాను. నా దగ్గర నాలుగు బోర్డులు మిగిలాయి."

"చూపించు. నేను వద్దనలేదు. పాతరకం పని మాత్రం ఆగదు. వచ్చే మంగళవారం వ్యాను బోస్నియా వెళ్తుంది, పాతవాటితోనే వెళ్తుంది."

పువ్వు ఇంకా వాడలేదు, దొంగమొహంది.

మార్చి 13, బుధవారం

చిన్న పని అనుకున్నాను. అందరూ మార్తెనిత్సాలు విప్పాలి, నాలుగు కాయిళ్ళకి సున్నా పట్టాలి, రెసిన్ పొయ్యాలి, శుక్రవారానికి చూపించాలి.

"విప్పడమా!" అంది గిన్కా అత్త, నేను బట్టలు విప్పమన్నట్టు. "పూసిన చెట్టు కనబడాలి, లేదా కొంగ కనబడాలి. అప్పుడే విప్పేది. ముందే విప్పితే ఏడాదంతా రోగాలు."

"అత్తా, బోస్నియాలో మనుషుల కాళ్ళు..."

"వాళ్ళ కాళ్ళు బావుండాలి. మా మోకాళ్ళు వద్దా?"

"పోనీ, పిచ్చుకని కత్తిరించు. నూలు ఉంచుకో."

"పిచ్చుక తల తెగ్గొట్టమంటున్నావే పాపిష్టిదానా!"

అందరూ ఆవిడ పక్షమే. కిటికీ బయట గబ్రొవో కొండల మీద మంచు ఇంకా కరగలేదు. పూసిన చెట్టట!

నా మట్టుకు నేను విప్పేసి, నాలుగూ నేనే పట్టొచ్చు. ఆలోచించాను. కాని నేను పడితే "నీ కాయిల్, నీ చెయ్యి, నీ పరీక్ష" అంటాడు పెయ్కొవ్. గిన్కా అత్త చెయ్యే కావాలి, ఆవిడ చేతిని కాదనేవాడు ఈ కార్ఖానాలో పుట్టలేదు. అందుకే విప్పలేదు. ఇంకే కారణమూ లేదు.

మార్చి 14, గురువారం

యావొర్‌కి సెవ్లియేవో నుంచి రెసిన్ పీపా తేవాల్సిన పని ఉంది. సెవ్లియేవో కింద, మైదానంలో, ఇక్కడికన్నా వెచ్చన. భోజనాల వేళ వ్యాను తలుపు తెరిచి, "చెట్లు చూడ్డానికి వచ్చేవాళ్ళెవరు?" అన్నాను. ఏడుగురూ ఎక్కారు. భోజనం డబ్బాలతో సహా. గిన్కా అత్త ముందు సీటు.

అయిదు కిలోమీటర్లు వెళ్ళామో లేదో వెనకనుంచి ఒకామె, "అదిగో! పూసింది! ఆపు!" అని కేక. రోడ్డు పక్కన పసుపు పచ్చగా విచ్చుకుని ఉంది, అడివంతటికీ ముందు పూసే ముళ్ళ పొద.

అందరూ దిగారు. గిన్కా అత్త దాని చుట్టూ తిరిగింది.

"ఇది పొద."

"చెట్టే అత్తా, చూడు, నీకన్నా పొడుగుంది."

"నాకన్నా పొడుగున్నదల్లా చెట్టయితే యావొర్ కూడా చెట్టే. వాడికి కట్టేయ్ నీది."

వ్యానంతా ఘొల్లుమంది. నేను నవ్వలేదు. ఎక్కువ నవ్వలేదు. యావొర్ టైరు చూస్తున్నాడు, టైరుకి ఏమీ కాలేదు.

పొదా చెట్టా అని ఇంకో పది కిలోమీటర్లు వాదన. నేలలోంచి ఒకటే కాండం లేస్తే చెట్టంటుంది ఒకామె, నీడ పడితే చెట్టంటుంది మరొకామె, ఉరేసుకోగలిగితే చెట్టంటుంది గిన్కా అత్త. సెవ్లియేవో చేరాక కార్లు కడిగే షెడ్డు వెనక ఒక రేగి మొక్క, కాదు, రేగి కాదు, అడివి ఆల్బకరా చెట్టు. గోడ ఎండ వేడికి పొరబాటున తొందరపడినట్టుంది. మూడు తెల్ల పువ్వులు. మూడంటే మూడు.

"మూడు చాలా?" అన్నారెవరో.

గిన్కా అత్త కళ్ళద్దాలు సర్దుకుంది. కొమ్మని వేలితో తట్టింది. "ఒక్కటి చాలు," అని పళ్ళతో ముడి విప్పింది. పిచ్చుకని ముద్దు పెట్టుకుని కొమ్మకి కట్టింది. అంతే, మిగతా ఆరుగురూ ఎగబడ్డారు. కార్లు కడుగుతున్నవాళ్ళు గొట్టాలు పట్టుకుని నిలబడిపోయారు. రొట్టె, జున్ను, మిరపకాయ పచ్చడి అక్కడే తిన్నాం, నీళ్ళ గుంటల మధ్య నిలబడి. ఒకామె చేతులు కలిపి గుండ్రంగా తిరిగే నాట్యం మొదలెట్టింది. నేనూ కలిశాను. బూట్లు తడిసిపోయాయి.

"నువ్వు కట్టలేదేం?" అన్నాడు యావొర్.

"కొమ్మ అందలేదు."

"వంచుతాను."

"వద్దు, చెట్టుకి నొప్పి."

విప్పి పర్సులో పెట్టుకున్నాను. మువ్వలు మంచివి, దేనికన్నా పనికొస్తాయి.

మూడింటికల్లా గిన్కా అత్త బోడి చేతులతో నాలుగు కాయిళ్ళకీ సున్నా పట్టింది. ముల్లు ఊపిరి కూడా తియ్యలేదు. నాలుగు గంటలకి రెసిన్ పోశాం, కొత్త పీపాలోంచే.

మార్చి 15, శుక్రవారం

నాలుగుకి నాలుగు!

ఇసక తొట్టిలో మందుపాతర ఇనుమంత సూదిముక్క పాతాం. పాతరకం కాయిల్‌కి పదకొండు సెంటీమీటర్ల దాకా వినపడింది. నా కాయిల్‌కి పదిహేడు. యావొర్ హెడ్‌ఫోను తీసి పెయ్కొవ్ చెవులకి పెట్టాడు. పెయ్కొవ్ నమ్మలేదు. కోటు చేతులు మడిచి తనే తవ్వి, తనే కొలిచాడు. కొలబద్ద తప్పేమోనని ఇంకో బద్ద తెచ్చాడు. పదిహేడు.

"బావుంది," అన్నాడు. నిజంగా అన్నాడు. తర్వాత చేతులకంటిన ఇసక దులుపుకుంటూ: "కాని లోహం లోహమే. రేపు ఎండకి వేడెక్కితే ఏమవుతుందో, ఎవరి చేతికి ఏముంటుందో. వ్యానులో పాతవే వెళ్తాయి. నీ పని మీద ఆగస్టులో కూర్చుందాం."

"ఎండంటే పొయ్యి పక్కన పెట్టి చూడండి, ఇప్పుడే."

"ఆగస్టు, అమ్మాయ్."

గిన్కా అత్త తొట్టి అంచున కూర్చుని చూస్తోంది. "ఇంజనీరూ," అంది, "పదకొండుకీ పదిహేడుకీ మధ్య నాలుగు వేళ్ళ మందం ఉంది. నీ కాలు ఆ మధ్యలో పెడతావా?"

ఆయన రెండు బద్దలూ తీసుకున్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

కోపంగా ఉందా సంతోషంగా ఉందా తెలియడం లేదు. రెండూ ఒకేసారి ఉన్నట్టున్నాయి.

మార్చి 16, శనివారం

పదిహేడు.

యావొర్ ఫోను చేశాడు. తీశాను. పొయ్యి గురించే మాట్లాడుకున్నాం, గంటంపావు. పరీక్ష గది తాళం అతని దగ్గరే ఉంది. మధ్యాహ్నం వెళ్ళి నాలుగు కాయిళ్ళనీ యాభై డిగ్రీల్లో రెండు గంటలు వేడెక్కించాం. పదిహేడు. బయట మంచులో గంట పెట్టాం. పదిహేడు. మూడో కాయిల్ పదిహేడున్నర, కాని అది ఎక్కువ చెప్తోందేమో అని రాసుకోలేదు.

మార్చి 17, ఆదివారం

కల్చేవ్ గారు ఊరినుంచి వచ్చారట. నాలుగుసార్లు ఉత్తరం రాసి చింపాను. మొదటి మూడింట్లోనూ పెయ్కొవ్‌ని తిట్టాను, చాలా బాగా తిట్టాను, చింపడానికి మనసు రాలేదు. నాలుగోదాంట్లో తప్పు మాది అనే వాక్యం రాకుండా పేజీన్నర నడిపాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. అయిదోది ఇది. రేపు పొద్దున్నే హాల్లో సంతకాలు పెట్టించి ఆయన బల్ల మీద పెడతాను. నా దగ్గర నకలు ఉండాలి కాబట్టి ఎత్తి రాస్తున్నాను.

"కల్చేవ్ గారూ,

పన్నెండులో పదకొండు కాయిళ్ళు పాడయింది మా చేతుల వల్ల. సున్నా పట్టేటప్పుడు మణికట్టు మీద లోహం ఉంది. పన్నెండో నంబరు నాది, అన్నిటికన్నా ఎక్కువ పాడయింది అదే. ఈ మాట నేనే చెప్తున్నాను, ఇంకెవరి దగ్గరా వినక్కర్లేదు. యాంప్లిఫయర్ తప్పు ఇందులో లేదు. బోడి చేతులతో పట్టిన నాలుగూ పనిచేస్తున్నాయి. వేడిలో, మంచులో కూడా పదిహేడు సెంటీమీటర్లు. పాతరకం పదకొండు. ఇంజనీరు పెయ్కొవ్ గారు స్వయంగా తవ్వి కొలిచారు, అడగండి, ఆయన అబద్ధం చెప్పరు.

మంగళవారం వ్యాను ఆ పదకొండు సెంటీమీటర్లని మోసుకుని బయల్దేరుతుంది. అవతల వాటిని పట్టుకుని నడిచేవాళ్ళకి మిగతా ఆరు సంగతి తెలియదు. మనకి తెలుసు. తెలిసీ పంపితే అది ఆగస్టులో కూర్చుని మాట్లాడుకునే విషయం కాదు.

వ్యాను ఆపండి. ఐదో నంబరుతో కలిపి మంచివి అయిదున్నాయి, మిగతా ఏడూ వారంలో చేసిస్తాం. చుట్టే హాల్లో అందరూ ఒప్పుకుని కింద సంతకాలు పెట్టారు, గిన్కా అత్త మొదట. రిజిస్టర్లో 'చదువు లేని ఉద్యోగి ప్రయోగం' అన్న వాక్యం కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయించండి. మా తప్పుతో సహా.

ఆపుతారా, ఆపరా? కాగితం మీద కాదు, ఇంకొకరిచేత చెప్పించడం కాదు. మీరే ఇసక తొట్టి దగ్గరికి రండి, హెడ్‌ఫోను పెట్టుకుని విని, అప్పుడు చెప్పండి. ఇవాళే, సోమవారం, మధ్యాహ్నం పన్నెండింటి లోపు."